కషాయం పిన్ని ఇంట్లో దగ్గు

కషాయం పిన్నికి భయమంటే తెలియదని వీధంతా అనుకునేవారు. శుద్ధ అబద్ధం. మనవరాలికి దగ్గు పట్టుకున్న దగ్గర్నుంచి ఆవిడకి భయం తప్ప వేరే ఏమీ తెలియలేదు.

ఆవిడది కుట్టుపని. వీధివైపు గదిలో కిటికీ పక్కన మిషను, దాని కింద గుడ్డపేలికల గుట్ట, గోడకి వేలాడే సగం కుట్టిన గౌన్లు. కానీ బట్టలిచ్చేవాళ్లకంటే దగ్గుతూ వచ్చేవాళ్లే ఆ గుమ్మం ఎక్కువ అరగదీశారు. అల్లం దంచి రసం పిండి తేనెలో రంగరించి నాకించేది. మిరియాలు మరగబెట్టి గోరువెచ్చగా తాగించేది. గొంతు గరగరలాడితే ఉప్పునీళ్లు పుక్కిలించమనేది, ముక్కులు బిగిస్తే ఆవిరి పట్టించేది. పైసా పుచ్చుకోదు, తిట్లు మాత్రం ధారాళంగా వడ్డిస్తుంది. మందు చేతిలో పెట్టేముందు పోలీసు విచారణ ఒకటి.

“జలుబు ముందొచ్చిందా, దగ్గు ముందొచ్చిందా? ఒళ్లు వెచ్చబడిందా? ఎలా మొదలైందో చెప్పవయ్యా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?”

అంతటి మనిషి సొంత ఇంట్లో ఆ విచారణ మర్చిపోయింది. మనవరాలు దగ్గింది, ఈవిడ అల్లం దంచింది, అంతే. ఆ పిల్లకి నాలుగేళ్లు నిండబోతున్నాయి. ఒక్కచోట నిలవదని అందరూ బొంగరం అనేవాళ్లు. అలాంటిది ఇప్పుడు చాప మీద చతికిలబడి, గుడ్డబొమ్మని ఒళ్లో పెట్టుకుని దగ్గుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో సన్నగా ఈల. రోజులు గడుస్తున్నాయి, అల్లం అయిపోయింది, తేనె సీసా అడుగంటింది, ఈల మాత్రం తగ్గలేదు.

“అమ్మా, డాక్టరుకి చూపిద్దామే,” అంది కూతురు, బిస్కెట్ల ఫ్యాక్టరీకి బయల్దేరుతూ.

“ఊళ్లోవాళ్ల దగ్గులన్నీ నా చేతిమీదుగా తగ్గాయి. నా మనవరాలికి తగ్గదా? నువ్వు పనికెళ్లు.”

నోరు అలా అంది గానీ లోపల భయమే. కూతురికి ఉన్నది ఈ ఒక్క నలుసే. దీనికేమన్నా అయితే కూతురి మొహం ఎలా చూడాలి? తగ్గలేదని ఒప్పుకుని ఆసుపత్రికి వెళ్తే అక్కడేం చెబుతారో అని ఇంకో భయం. రెండు భయాల మధ్య నలిగి, ఆవిడ మళ్లీ మిరియాల గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ఆ పూటే ఎదురింటి బస్సు కండక్టరు వచ్చాడు, అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుని. పిన్ని మాట్లాడకుండా గ్లాసు చేతిలో పెట్టింది. అతను తాగకుండా నిలబడ్డాడు.

“ఏంటి పిన్నీ, ఇవాళ విచారణ లేదా? భయమేస్తోంది మిమ్మల్ని చూస్తే.” లోపల పిల్ల దగ్గింది. “పాపకి జలుబా?”

“లేదు నాయనా.”

“జ్వరమా?”

“అదీ లేదు.”

“మరెలా మొదలైంది?”

తను వందలమందిని అడిగిన ప్రశ్నే. కషాయం పిన్ని చాప మీది పిల్లకేసి తిరిగింది.

ఎలా మొదలైందో కళ్లకి కట్టింది. ఆవేళ చంటిపిల్ల గౌను ఒకటి తొందరగా కుట్టివ్వాల్సి వచ్చింది. బొంగరం మిషను కింద ఆడుకుంటోంది. ఉన్నట్టుండి పిల్లకి పొలమారింది. మొహం కందిపోయి, కళ్లమ్మట నీళ్లు కారాయి. పిన్ని ఒక చేత్తో గుడ్డ పట్టుకునే రెండో చేత్తో పిల్ల నడినెత్తిన తట్టింది. “ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను! మీ అమ్మే అయ్యుంటుంది,” అని నవ్వింది కూడా. కాసిని నీళ్లు తాగించి మళ్లీ మిషను తొక్కింది. జలుబు లేదు, జ్వరం లేదు. ఆ క్షణం నుంచే దగ్గు.

పిన్ని వెళ్లి పిల్ల ముందు కూలబడింది. “బొంగరం, ఆవేళ మిషను కింద నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా అమ్మా?”

“తెల్ల గుండీ. పిప్పరమెంటు బిళ్లనుకున్నా.” పిల్ల దగ్గి, మళ్లీ అంది, “నువ్వు నెత్తిమీద కొట్టావుగా, లోపలికెళ్లిపోయింది.”

పిన్ని పిల్లని చంకనేసుకుని లేచింది. కండక్టరు అప్పటికే ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీకి గొట్టం ఆనించి, అటూ ఇటూ విని, గుండీ అడ్డుపడి కుడిపక్క గాలి సరిగా ఆడటం లేదంది. మత్తిచ్చి, గొంతులోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి దాన్ని తీయాలట. “మీరు పెట్టిన అల్లం, తేనె తప్పని కాదు పెద్దమ్మా. జలుబు దగ్గయితే కాస్త హాయిగానే ఉంటుంది. దీనికి అది మందు కాదు.”

కూతురు ఫ్యాక్టరీ టోపీతోనే పరిగెత్తుకొచ్చింది. జరిగింది విని, వెళ్లి వరండాలో బల్ల ఆ చివర కూర్చుంది. తిట్టినా బాగుండును, దులిపేసినా బాగుండును, అనుకుంది ఈ చివర తల్లి.

పిల్లని లోపలికి తీసుకెళ్లాక తలుపు మూసుకుంది. ఇన్నాళ్లూ ఆ దగ్గు ఆగితే చాలని మొక్కిన మనిషి, ఇప్పుడు లోపల్నుంచి చప్పుడు లేకపోయేసరికి లేచి వెళ్లింది. తలుపుకి చెవి ఆనించింది. “దగ్గవే తల్లీ, ఒక్కసారి దగ్గవే,” అని గొణిగింది. కూతురు లేచొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

చివరికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చిన్న సీసా చూపించింది. అడుగున గుండీ, చంటిపిల్ల గౌనుది.

మెలకువొచ్చాక బొంగరం కళ్లు తిప్పి చూసింది. వెంటనే దగ్గింది. పిన్ని చెయ్యి అలవాటుగా పిల్ల నెత్తి మీదకి లేచి, గాలిలోనే ఆగిపోయింది. “నర్సమ్మా! మళ్లీ దగ్గుతోందమ్మా!” అని వార్డు అదిరేలా కేకపెట్టింది.

“గొట్టం వెళ్లిన గొంతు కదమ్మా, కాస్త దగ్గుతుంది. కంగారేం లేదు,” అంది నర్సు.

పిన్ని చెయ్యి ఇంకా దిగలేదు. బొంగరం ఆ చేతికేసి చూసింది.

“తట్టవేం అమ్మమ్మా? నన్నెవరో తలుచుకుంటున్నారుగా?”

“నేనేనే,” అంది పిన్ని. “పొద్దుట్నుంచీ నేనేనే తల్లీ.”