కుర్చీ వెనక నారింజ బీరువా

పడితే? పడి, నుదురు ఆ బల్ల అంచుకి కొట్టుకుంటే? కంటికి ఒక్క వేలెడు దూరంలో తగిలితే?

మా పాప లేచి నిలబడడం మొదలుపెట్టినప్పటినుంచీ నా బుర్రలో ఇవే తిరిగాయి. నేను నీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. దేంట్లో ఎంత ప్రమాదం ఉందో కొలిచి చెప్పడమే నా ఉద్యోగం. ఇంటికొస్తే ఆ కొలతలేవీ అక్కరకు రాలేదు. ముందుగదిలో ఉన్న పొట్టి బల్ల అంచులన్నిటికీ స్పాంజి కట్టాను. పాప దాన్ని పీకి నమిలింది. "ముందు మీ తలకి కట్టాలి స్పాంజి," అంది నా భార్య. చివరికి ఆ బల్లని వదిలించుకుందామని భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, కింద వాటాలో ఉండే పెద్దమ్మ ఆపింది.

"ఎక్కడికి అబ్బాయ్, దాన్ని ఊరేగిస్తున్నావు?"

చెప్పాను. ఆవిడ బల్ల అంచు నిమిరి చూసింది.

"గట్టి చెక్క. ఇక్కడ దించు. పారేసే ముందు ఓసారి మా ఇంట్లోకొచ్చి చూడు."

వీధిలో అందరూ ఆవిడని నారింజ పెద్దమ్మ అంటారు. ఎందుకంటారో గుమ్మం దాటితే తెలిసిపోతుంది. స్టూలు నారింజ, బట్టల పెట్టె నారింజ, మంచం కోళ్లు నారింజ, మందులు పెట్టుకునే చిన్న అర కూడా నారింజే. బూడిదరంగు గచ్చు మీద ఆ సామానంతా నిప్పుల్లా మెరుస్తోంది. రెండే రెండు వస్తువులు రంగుకి దొరకలేదు. ఒకటి గోడకానించిన పాత చెక్క బీరువా, రెండోది దాని ముందున్న టేకు కుర్చీ. రెండూ ముదురు గోధుమరంగే కావడంతో, తెలిసిన కంటికి కూడా అక్కడ ఉన్న కుర్చీ వెంటనే ఆనదు.

కుర్చీ ఆవిడ భర్తది, నేను పెదనాన్న అని పిలిచే ఆయనది. ఆయన పేరుమోసిన పాలిష్ మేస్త్రి. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్ది, చెక్కలోని గీతలు తేట నీటి అడుగున ఇసుకలా కనబడేలా చేసేవాడట. ఆ కుర్చీని పనితనం చూపించడానికి కొట్టు ముందు పెట్టుకున్నాడు. ఎంతమంది అడిగినా అమ్మలేదు. చెక్కకి రంగు పూయడమంటే మంచి మొహానికి ముసుగెయ్యడమని ఆయన సిద్ధాంతం. పెద్దమ్మ పెళ్లై వచ్చింది మొదలు ఆయన పక్కన కూర్చుని గరుకు కాగితంతో చెక్కలు రుద్దిపెట్టింది. ఇంట్లోకి రంగు డబ్బా మాత్రం ఏనాడూ రాలేదు.

తర్వాత ఆయన చూపు మందగించింది. పూర్తిగా పోలేదు గానీ, ముదురు రంగు వస్తువులన్నీ మసకలో కలిసిపోయేవి. స్టూలు ఎక్కడుందో కంటికంటే ముందు మోకాలికి తెలిసేది. చూపు ఇంతకంటే బాగుపడదని డాక్టరు చెప్పాడు. ఈ వయసులో పడి తుంటి విరిగితే మళ్లీ నడవడం కష్టమని కూడా చెప్పాడు. దాంతో పెదనాన్న మంచం దిగడమే తగ్గించేశాడు.

పెద్దమ్మ రంగుల కొట్టుకి వెళ్లి, ఉన్నవాటిలో కంట్లో పొడిచేట్టుండే రంగు ఇమ్మంది.

"దేనికమ్మా, గేటుకా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయనకి."

ఆవిడ ఇంటికి చేరేలోపే ఆ మాట వీధంతా పాకింది.

మొదట స్టూలుకి వేసి వరండాలో ఆరబెట్టింది. రంగు ఆరాక పెదనాన్న అటు వచ్చి, అలవాటు కొద్దీ దాన్ని చేత్తో తడిమాడు. పైనంతా బ్రష్ గీతలు. మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? గరుకు కాగితం వెతికి తెచ్చుకుని, చెక్క బయటపడేదాకా రుద్ది పారేశాడు.

"ఎవడో చేతకానివాడు పూసిపోయాడే. నేను సరిచేశాను," అన్నాడు గర్వంగా.

"ఆ చేతకానివాణ్ణి నేనే," అంది పెద్దమ్మ.

"మేస్త్రి పెళ్లానివై ఉండి, గీతలు తేలేలా వేస్తావా?"

అప్పటినుంచి ఆవిడ వేస్తుంటే ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. ఒక్కో పొర ఆరాక వేళ్లతో తడిమి, ఇక్కడ కారింది, అక్కడ పలచనైంది అని వంకలు పెట్టేవాడు. రంగు ఏమిటని మాత్రం అడగలేదు. ఇంట్లో తిరగడం మళ్లీ మొదలుపెట్టాడు. ఒక్క కుర్చీ దగ్గరే చిక్కు. దానికి తప్ప ఇంక దేనికైనా రంగు పూసుకోమన్నాడు. దానికే తగిలి మొన్న కాలి ఎముక మీద చర్మం లేచిపోయింది. ఆయన మళ్లీ మంచానికే అతుక్కుపోతాడేమోనని పెద్దమ్మ బెంగ.

"ఆయన పడుకున్నప్పుడు వేసెయ్యొచ్చుగా పెద్దమ్మా?" అన్నాను.

"వేసెయ్యొచ్చు. లేచి చేత్తో తడుముతారు. ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడం నేను భరించలేనబ్బాయ్."

నేను కుర్చీ వంక, దాని వెనక బీరువా వంక చూశాను. కంటికి కావలసింది రంగు కాదు, తేడా. ముదురు వస్తువు వెనక వెలుగు ఉంటే చాలు. కుర్చీని వదిలేసి బీరువాకి రంగు వేద్దామన్నాను. ఆవిడ వెళ్లి బీరువా తలుపు మీద చెయ్యేసింది.

"బీరువా ఎవరికీ అడ్డం కాదు కదా అని వదిలేశాను. ఆదివారం రా. పై అరలు నాకు అందవు."

ఆదివారం ఇద్దరం వేశాం. పెదనాన్న తనిఖీకి కూర్చున్నాడు.

"దీనికెందుకే రంగు? బీరువా నడిచొచ్చి నన్ను గుద్దుతుందా?"

"మీతో కాపురం చేసినదాన్ని, దేన్నీ నమ్మను," అంది పెద్దమ్మ.

రంగు బాగా ఆరాక, ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నన్ను పిలిచి, కుర్చీని దాని చోట పెట్టి, కిటికీ తెర పక్కకి లాగింది. పెదనాన్న గోడ పట్టుకుని లోపలి గదిలోంచి వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఎవరే అక్కడ?"

"ఎవరూ లేరు. మీ కుర్చీ."

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెక్కలో గీతలు కనబడట్లేదు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "వీపు వంపు కనబడుతోంది. ఆ వంపు నేను తీసిందే."

గోడ వదిలేశాడు. మెల్లగా నడిచి వెళ్లి, దేనికీ తగలకుండా కూర్చున్నాడు. కాసేపటికి ముక్కు ఎగబీల్చాడు.

"మందంగా వేశారు. వాసన చెబుతోంది."

పెద్దమ్మ చీర చెంగుతో కళ్లొత్తుకుని, అయితే ఈసారి మీరే వెయ్యండి అంది.

మిగిలిన రంగు మా పొట్టి బల్లకి వేసింది. పాప దాన్ని నాకుతుందని నేను గొణిగితే, డబ్బా నా ముందుకి తోసి చదువుకోమంది. సీసం కలపలేదని రాసి ఉంది. అయినా వాసన పూర్తిగా పోయేదాకా బల్లని తన దగ్గరే ఉంచుకుంది.

ఇప్పుడు అది మా ముందుగదిలో స్పాంజి లేకుండా ఉంది. పాప తూలుతూ వస్తుంది. అంత దూరం నుంచే దాన్ని చూసి, దగ్గరికొచ్చేసరికి చెయ్యి చాస్తుంది. కొన్నిసార్లు తగిలించుకుని ఏడుస్తుంది కూడా. నేను ఎత్తుకోవడానికి సగం లేచి, మళ్లీ కూర్చుంటాను. బల్ల అప్పజెప్పేటప్పుడు పెద్దమ్మ అన్న మాట గుర్తొస్తుంది.

"తగిలేదాన్ని దాచకబ్బాయ్, కనబడేలా పెట్టు. ఆపైన నడిచేవాళ్లని నడవనియ్యి."