చెప్పకుండా బయల్దేరిన పొద్దు

గ్రీకు దీవిలో ఒంటరి తెలుగువాడి వీరగాథ చెబుతాను, వినండి. నిజానికి నేను చేసిందల్లా అద్దెగదిలో రెండు రోజులు ఉండటమే.

రెండోరోజు గది అద్దెకిచ్చిన ఇంటావిడ చర్చి నుంచి వచ్చి, దానిమ్మగింజలు కలిపిన ఉడికించిన గోధుమలు పెట్టింది. ప్రసాదమనుకుని, అడిగి మరీ మళ్ళీ పెట్టించుకున్నాను.

"మా అబ్బాయి పేరున పంచుతున్నా. చేపలవేటకెళ్ళి మునిగిపోయాడు," అంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

మా పామర్రులో చావు జరిగిన ఇంట్లోంచి వెళ్తూ 'వెళ్ళొస్తా' అనరు. అందుకే తెల్లవారగానే చప్పుడు చేయకుండా బ్యాగు తగిలించుకుని రేవుకొచ్చేశాను. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే వచ్చింది.

"వాడూ ఇలాగే చెప్పకుండా వెళ్ళాడయ్యా."

మా ఆచారం వివరించేంత ఇంగ్లీషు నాకూ లేదు. "వెళ్ళొస్తానమ్మా," అన్నాను తెలుగులోనే. ఆవిడ తల ఊపింది.

తీరా చూస్తే ఓడ మధ్యాహ్నానికి గానీ రాదట. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.