ఒడీల్ మంచు తట్టి చూసిన ఆదివారం

కాగితం మిల్లు పరీక్ష గదిలో ఒడీల్ రాంకూర్ ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. మిషను మీంచి దిగిన అట్ట ముక్కను చేతిలోకి తీసుకుని, మూల విరిచి, పొరల మధ్య బొటనవేలి గోరు దూర్చి చూసేది. గోరు సులువుగా దూరి పొరలు విడివడ్డాయా, ఆ చుట్ట మొత్తం తిరిగి గుజ్జు తొట్టిలోకి పోవాల్సిందే. రెండో మిషను నడిపే క్లోవిస్ ఒక షిఫ్టంతా చెమటోడ్చి చుట్టించిన సరుకును ఆమె ఒక్క గోటితో తిప్పి పంపేసేది. ఆ గోటిని క్లోవిస్ తిట్టని వారం లేదు. రాత్రి షిఫ్టయ్యాక అదే మనిషి తన కారులో ఆమెను ఇంటి దగ్గర దింపేవాడు.

మిల్లు మూతపడ్డాక కొందరు దక్షిణాన ఉన్న పెద్ద ఊళ్లకు వెళ్లి గోదాముల్లో చేరారు, కొందరు ఇంట్లో కూర్చుని బరువు పెరిగారు. ఒడీల్ కొండ కింద, స్కీ చేసేవాళ్లు ఆగే చెక్క బసలో చలికాలపు కాపలా పనికి కుదిరింది. పొయ్యి రాజేయడం, బఠాణీ సూప్ కాచడం, రోజూ పొద్దున్నే పైకి వెళ్లి మంచు ఎలా ఉందో చూసి వచ్చి తలుపు పక్క పలక మీద రాయడం. అంతకుముందు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. తన మనవల వయసు పిల్లలతో కలిసి మంచులో గుంటలు తవ్వింది. బలహీనమైన పొర ఎక్కడుందో అందరికంటే ముందు వేలు పెట్టి చూపించింది. ఎలా కనిపెట్టావని శిక్షకుడు అడిగితే, ఇదీ అట్ట లాంటిదే కదా అంది.

న్యూ హాంప్‌షైర్ కొండలు పెద్దవేం కావు. మంచు చరియలు విరిగిపడటం అమెరికా పడమటి రాష్ట్రాల వాళ్ల బెడదని ఊళ్లో చిన్నా పెద్దా అందరి నమ్మకం. నాలుగు రోజులుగా మంచు పడలేదంటే ఇక భయమే లేదని లెక్క. ఆ లెక్కలో గాలి ఉండదు. కొండ నెత్తిన చెట్టూ చేమా లేని బోడి మైదానం ఉంది. దాని మీది మంచునంతా గాలి చీపురు పట్టినట్టు ఊడ్చి, అంచు దాటించి, కింద కొండను చీల్చినట్టున్న ఇరుకు పాయలో పోస్తుంది. ఆ పాయ పేరు పొగగొట్టం. ఆకాశం నీలంగా మెరుస్తున్నా అది నిండుతూనే ఉంటుంది.

ఒడీల్ భర్త ఫెర్నాన్‌కు స్కీల మీద పొగగొట్టం దిగడమంటే ప్రాణం. అతను అక్టోబరులో పోయాడు. పెరట్లో చలికాలానికి కట్టెలు పేరుస్తూ, మూడో వరస సగంలో ఉండగా గుండె ఆగింది. మిల్లు స్కీ జట్టుకు ఒక ఆనవాయితీ ఉంది. తమలో ఎవరైనా పోతే, మళ్లీ వచ్చే మార్చి మొదటి ఆదివారం మిగిలినవాళ్లంతా అతనికి ఇష్టమైన దారి ఎక్కి దిగాలి. అందరిలో పెద్దవాడు పోయినవాడి టోపీ పెట్టుకోవాలి. కింద ఒకే సీసాలోంచి తలో గుక్క తాగాలి. ఈసారి ఆ ఆదివారం ఫెర్నాన్‌ది. ఆడవాళ్లు ఎప్పుడూ వెళ్లలేదు. తను వెళ్తానని ఒడీల్ క్రిస్మస్ నాడే చెప్పేసింది. ఫెర్నాన్ టోపీకి ఊడిన చెవిపట్టీ కుట్టి ఉంచింది. ఆ చలికాలం ఆమె ఎదురుచూసిన రోజు ఇంకొకటి లేదు.

తొమ్మిది రోజులుగా మంచు పడలేదు. గురువారం, శుక్రవారం మాత్రం గాలి బస కప్పును పెరికేస్తానన్నంత పని చేసింది. ఆదివారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఒడీల్ పొగగొట్టం కిందికి వెళ్లి తలెత్తి చూసింది. కిందటి వారం స్కీ గీతలతో దున్నిన పొలంలా ఉన్న పాయ ఇప్పుడు ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. ఒక్క గీత లేదు.

ఆ గీతలన్నీ ఎటు పోయాయి? ఎంత మంచు పోస్తే అవి పూడిపోయి ఉంటాయి?

అక్కడే చాలాసేపు నిలబడింది. ఈ ఒక్కరోజుకి చూసీ చూడనట్టు ఊరుకుంటే పోలా, అని ఒక మాట మనసులోకి వచ్చి కూర్చుంది. అది ఫెర్నాన్ గొంతుతోనే రావడం మరీ అన్యాయం.

తొమ్మిదింటికి ఐదుగురు ముసలి మిల్లువాళ్లు గోల చేసుకుంటూ బసకు వచ్చారు. ముందు ఆమె తమ్ముడు వల్మోర్, వెనక క్లోవిస్. వల్మోర్ పలక చదివి పకపకా నవ్వాడు.

"పొగగొట్టం వద్దని రాశావేంటే ఒడీల్? మంచు పడి తొమ్మిది రోజులైంది!"

"పడలేదురా, వచ్చింది. గాలి తెచ్చిపోసింది."

"ఇదేమన్నా పడమటి కొలరాడోనా? చేతిరుమాలంత కొండ!"

"చేతిరుమాలంతే. అందుకే పట్టు కోల్పోయావంటే తేరుకునే చోటు కూడా ఉండదు. పైన మంచు, మధ్యలో రాళ్లు, కింద చెట్లు. ఏ చెట్టుకు గుద్దుకుంటావో నువ్వే ఎంచుకో."

"నలభై ఏళ్లుగా దిగుతున్నాం, మాకు చెబుతావా?"

"మీలో ఇద్దరికి మోకాళ్లు లేవు, ఒకడికి చెవుల్లేవు. ఇంకెవరికి చెప్పాలి?"

చెవుల్లేనివాడు తప్ప అందరూ నవ్వారు. అయినా ఎవరూ స్కీలు కింద పెట్టలేదు. రాయడం, చెప్పడం వరకే ఆమె పని. ఆపే అధికారం ఆమెకు లేదని వాళ్లకూ తెలుసు.

ఒడీల్ పార తీసింది. "పది నిమిషాలు నాతో రండి. ఆ తర్వాత మీ ఇష్టం."

పాయ పక్కన, అదే దిక్కుకు వాలిన చిన్న మిట్ట ఉంది. దాని మీది మంచు జారినా మోకాలి దాకా కూడా రానంత చిన్నది. అక్కడ గుంట తవ్వి, మంచును నిలువు స్తంభంలా కోసి వదిలింది. పారను దాని నెత్తిన పడుకోబెట్టింది. ముందు మణికట్టు ఆడించి పది తట్లు తట్టాలి, తర్వాత మోచేయి నుంచి పది, చివరగా భుజం నుంచి పది. ముప్ఫై తట్లకు నిలిచిందంటే నమ్మకం కుదురుతుంది.

"ఒకటి," అంది ఒడీల్. "రెండు. మూడు."

నాలుగో తట్టుకు పై ముక్క పలకలా విడివడి వచ్చి ఆమె ఒళ్లో పడింది. ముచ్చటగా, అంచులు విరగకుండా.

క్లోవిస్ అపసోపాలు పడుతూ మోకాళ్ల మీద కూర్చుని చేతిగ్లోవు తీశాడు. విడిపోయిన చోట బొటనవేలి గోటితో గీరాడు. పంచదారలా పొడిపొడిగా రాలింది.

"మూడో పొర," అన్నాడు. "జిగురు పట్టలేదు."

"పట్టలేదు," అంది ఒడీల్.

"అచ్చం నా రెండో మిషను అట్టే."

"నీ మిషనుది దీనికంటే కాస్త నయం."

వల్మోర్ ఇంకా మెత్తబడలేదు. పొగగొట్టం వైపు చూస్తూ, మొహం ఎర్రగా చేసుకుని, "ఫెర్నాన్ ఉంటే దిగేవాడు," అన్నాడు.

ఆ మాటకు మిగిలినవాళ్లు బూట్లకేసి చూసుకున్నారు.

"దిగేవాడే," అంది ఒడీల్. "నేను ఎంత తిట్టినా వినేవాడు కాదు, దిగి వచ్చి సూప్ అడిగేవాడు. లేదా వచ్చేవాడే కాదు. వల్మోర్, అతన్ని పెరట్లో కట్టెల పక్కనుంచి లేపడానికే ముగ్గురు కావాల్సి వచ్చింది. నీ బరువు అతనికి ఒకటిన్నర రెట్లు. నిన్ను ఇక్కడ తవ్వి తీయడం నావల్ల కాదు."

క్లోవిస్ లేచి స్కీలు తీసి భుజాన వేసుకున్నాడు. "పరీక్ష గది వద్దంటే సరుకు గేటు దాటదు. ఆ రోజుల్లో ఈవిడ మాటకు ఫోర్‌మనే ఎదురు చెప్పలేదు, మనమెంత?" అంటూ కిందికి నడిచాడు. ఒకరి వెనక ఒకరు కదిలారు. ఆఖరున వల్మోర్, పొగగొట్టాన్ని వెనక్కి తిరిగి చూసుకుంటూ.

ఆదివారం మాత్రం వదులుకోలేదు. దుంగల బండ్లు నడిచిన పాత దారి అడవిలోంచి మెల్లగా దిగుతుంది. అందులో స్కీ చేసేవాళ్లను ఫెర్నాన్ బతికున్నన్నాళ్లూ పాలబండ్లని వెక్కిరించాడు. ఆరుగురూ ఆ దారి ఎక్కి పాలబండ్లలాగే దిగారు. అందరిలో పెద్దవాడు క్లోవిస్. టోపీ అతని తలకు చాలక నెత్తి మీద కోడిపెట్టలా కూర్చుంది. రెండో మలుపులో వల్మోర్ ఒక చెట్టు మొదట్లోని మెత్తటి గోతిలో నడుం దాకా దిగబడ్డాడు. లాగడానికి నలుగురూ, నవ్వడానికి ఒడీల్. అక్టోబరు తర్వాత ఆమె పడిపడి నవ్వింది అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, కాసేపటి దాకా తుడుచుకుంటూనే ఉంది. సీసా ముందు ఆమె చేతికే ఇచ్చారు.

పొగగొట్టంలో మంచు విరిగిపడలేదు. బుధవారం ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు పలకను చూసి కూడా దిగి, వెలిగిపోతున్న మొహాలతో బసకొచ్చారు. ఒడీల్ వాళ్లను చెడామడా తిట్టి సూప్ పోసింది. ఆ కబురు వల్మోర్ చెవిన పడటానికి ఒక్కరోజు పట్టింది.

"విరగలేదట కదా!" అన్నాడు ఫోన్లో.

"లేదు."

"మరి?"

"మరేముంది. చెరో రెండు గిన్నెలు తాగి వెళ్లారు."

"ఫెర్నాన్ దారి బాకీ ఉండిపోయింది ఒడీల్. మళ్లీ ఎప్పుడు?"

"పగలు కరిగి, రాత్రి గట్టిపడే రోజులు వరసగా ఓ నాలుగు రావాలి. అప్పుడు పొరలు ఒకటవుతాయి. ఏప్రిల్‌లో కావచ్చు. ఏ వారమైనా కావచ్చు."

"మంగళవారాలు నాకు పళ్ల డాక్టరు."

"నీకింకా పళ్లున్నాయా?"

"నాలుగున్నాయి. సరేలే. నువ్వు ఎప్పుడంటే అప్పుడే."

పుట్టి అరవై మూడేళ్లలో వల్మోర్ అక్కతో ఆ మాట అనలేదు. ఒడీల్ పొయ్యి దగ్గర స్టూలు లాక్కుని సుఖంగా కూర్చుంది.

"ఏమన్నావ్? మళ్లీ చెప్పు."

"వినపడింది నీకు," అని ఫోన్ పెట్టేశాడు.