ముందు వరుసలో కుర్చీ

ఊళ్లో అందరూ ఆయన్ని తాళాలాయన అనేవారు. ఫంక్షన్ హాలుకి కాపలా ఆయనే, కుర్చీలూ మైకూ కరెంటూ చూసుకునేదీ ఆయనే. మొలకి తాళాల గుత్తి లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. భార్య పోయాక కూతుర్ని ఆ హాల్లోనే పెంచాడు. ఎవరి పెళ్లిలోనో జనం ఫొటోలు దిగుతుంటే, ఆ పిల్ల వెనక పేర్చిన కుర్చీల మాటున హోంవర్కు రాసుకుని అక్కడే నిద్రపోయేది.

ఆ పిల్ల ఇప్పుడు కళ్లద్దాల షాపులో పనిచేస్తోంది. పోయిన ఆదివారం ఇంట్లోనే, బస్సు నడిపే కుర్రాడితో ఉంగరాలు మార్చుకుంది. ఆ సమయానికి కన్నతండ్రి అక్కడుంటే కదా! కుర్చీలు చాలలేదని ఎవరో అనీ అనకముందే పక్కింటికి పరుగెత్తాడు. రెండు చేతులా రెండు కుర్చీలతో తిరిగొచ్చేసరికి ఉంగరాలు వేళ్లకి ఎక్కాయి, చప్పట్లు కూడా అయిపోయాయి. కూతురు ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే వారం పొడుగునా ఆయన్ని తినేసింది.

ఇల్లలకగానే పండగ కాదు గదా. పెళ్లి పనులు ఎక్కడ మొదలుపెట్టాలో మాట్లాడుకోవడానికి తండ్రీ కూతురూ కాబోయే అల్లుడూ కూర్చున్నారు. హాలు దగ్గరే బండి ఆగిపోయింది. నాన్న హాల్లోనే చేసుకుంటానని కూతురు, వద్దంటే వద్దని తండ్రి. ఊరవతల కొత్త హాలు బాగుంటుందన్నాడు. జన్మలో ఆ హాలు గురించి ఒక్క మంచి మాట అనని మనిషి! అక్కడ కాపలా ఉండే మీసాలాయనకీ ఈయనకీ ఉప్పూ నిప్పూ. అరువు తీసుకున్న కుర్చీలు విరగ్గొట్టి పంపాడని ఈయన, ఇచ్చిన తివాచీ మాపి పంపాడని ఆయన, ఏళ్ల తరబడి ఒకటే గొడవ.

కూతురు గుచ్చి గుచ్చి అడిగితే చివరికి అసలు సంగతి కక్కాడు.

"మన హాలైతే నేను కూర్చోలేనమ్మా. ఓ ఫ్యాను ఆగితే చాలు, నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఉంగరాలప్పుడు చూశావుగా. నీ పెళ్లి కూడా చూడకుండా పోతానేమోనని భయంగా ఉంది."

కూతురు కళ్లు తుడుచుకుంది.

"నేను పెరిగింది అక్కడే నాన్నా. అక్కడే నువ్వు ముందు వరుసలో కూర్చుని చూడాలి. ముందు అది తేలనీ, మిగతావన్నీ తర్వాత."

ఉడుంపట్టు. అచ్చం తల్లి పోలిక.

మరి ఆ రోజుకి తాళాలు ఎవరికివ్వాలి? ఆ స్విచ్‌బోర్డు దారినపోయేవాళ్ల మాట వినే రకం కాదు. కాబోయే అల్లుడు భయపడుతూనే మీసాలాయన పేరెత్తాడు. మామగారి మొహం మాడిపోయింది. కానీ ఏం చేస్తాడు, కూతురి పెళ్లి. మర్నాడు పొద్దున్నే అభిమానం చంపుకుని కొత్త హాలు మెట్లెక్కాడు.

మీసాలాయన నేల తుడుస్తున్నాడు. విన్నంతసేపూ తలెత్తలేదు. పాత గొడవలన్నీ ఇప్పుడు తవ్వి తీస్తాడని తాళాలాయన మనసు రాయి చేసుకుని నిలబడ్డాడు. మీసాలాయన తుడిచే కర్రని గోడకి ఆనించాడు.

"మా అమ్మాయి పెళ్లి ఇక్కడే చేశాను. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోతే జనరేటర్ దగ్గరే ఉండిపోయాను. పెళ్లి ఫొటోల్లో చూసుకున్నాను." చెయ్యి చాపాడు. "తాళాలు నాకివ్వు. నువ్వైనా కూర్చో."

ఇన్నేళ్లూ తిట్టిపోసింది ఈ మనిషినా అని తాళాలాయనకి సిగ్గేసింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ పాత హాలుకి వెళ్లారు. ఏ స్విచ్ మొండికేస్తుందో, ఏ మైకు కీచుమంటుందో అన్నీ చూపించి, తాళాలాయన గుత్తి విప్పి మీసాలాయన చేతిలో పెట్టాడు. తర్వాత ముందు వరుసలోకి వెళ్లి ఓ కుర్చీలో కూర్చున్నాడు. ఆ హాల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు. అక్కణ్ణించి వేదిక ఇంత దగ్గరగా కనిపిస్తుందని ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు.

వెనక టప్పుమని ఏదో పేలింది. లైట్లన్నీ ఆరిపోయాయి. తాళాలాయన కాళ్లు లేచాయి.

"కూర్చో, నేను చూసుకుంటా," అన్నాడు చీకట్లోంచి మీసాలాయన.

కూర్చున్నాడు. రెండు చేతులతో కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుని, కూతురు అప్పుడే అక్కడికొచ్చి నిలబడినట్టు, ఆ చీకటి వేదిక వంకే చూస్తూ కూర్చున్నాడు.