తప్పంతా పికప్‌దే

లోకంలో ఏ లోపం కనిపించినా మా బావ గిటారులో ఒక పార్టు మార్చేవాడు. ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకుమించి ఏమీ లేదని నేను చాలాకాలం అనుకున్నాను. లిఫ్టుల మెకానిక్‌గా రిటైరయ్యాక, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేయబోయిన ఎలక్ట్రిక్ గిటారును చంకలో పెట్టుకొచ్చాడు. వచ్చినరోజే దాన్ని డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టి పొట్ట విప్పాడు. ఆ టేబుల్ దగ్గర మళ్ళీ ఎవరూ భోంచేసింది లేదు.

ముందు తీగలు మారాయి. తీగలు కొత్తవయ్యేసరికి వాటిని బిగించే కీలు పాతబడిపోయాయి. కీలు మార్చాక, తీగలు ఆనుకునే బ్రిడ్జి మొహం మాడ్చుకుంది. తర్వాత పికప్‌ల వంతు. పికప్ అంటే తీగల కింద కూచుని వాటి వణుకును కరెంటుగా మార్చే అయస్కాంతం. నేను అడిగి తెలుసుకున్నది కాదిది, మెట్ల మీద నన్ను అటకాయించి ఆయనే చెప్పాడు. కొన్నాళ్ళకి మొదట తెచ్చినదాంట్లో మిగిలింది చెక్క ఒక్కటే. దానివైపు కూడా బావ అదోలా చూస్తుండేవాడు.

ఇంత చేసీ వాయించేది ఒకటే ముక్క. ఏ పాటకీ చెందని ముక్క. టంగ్, టంగ్, టిటింగ్. పైవాటాలో నేను ఏ పుస్తకం తెరిచినా, హంతకుడెవరో తేలే పేజీకి సరిగ్గా ఆ టిటింగ్ మోగేది. వెంటనే బావ కేక.

"ఇదిగో, ఇది బాగుందా? ఇప్పుడు విను, ఇదా?"

వంటింట్లోంచి మా అక్క జవాబు ఎప్పుడూ ఒకటే. "రెండోదే బాగుంది."

"అయితే కుదర్లేదు," అని బావ స్క్రూడ్రైవర్ అందుకునేవాడు.

ఒకసారి ఉండబట్టలేక కిందికి దిగాను. "బాగుందంటోంది కదా బావా!"

"బాగుందంటోంది కాబట్టేరా మార్చాలి. తప్పంతా పికప్‌ది."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? తిరిగి మెట్లెక్కాను.

అసలు దిగులు గిటారు గురించి కాదు, అక్క గురించి. బడిలో ఏళ్ళ తరబడి పిల్లలకు పాటలు నేర్పిన టీచరు. వెనక వరసలో ఒక్కడు శ్రుతి తప్పినా వాడి పేరు పెట్టి పిలిచేది. అలాంటి మనిషికి వినికిడి తగ్గిపోతోంది. డాక్టరు మాటెత్తితే, "నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి. మీరే అందరూ గొణుగుతున్నారు," అనేది. నలుగురిలో కూచున్నప్పుడు అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది. తర్వాత్తర్వాత నలుగురిలో కూచోవడమే మానేసింది. ఫోను మోగితే చాలు, ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది. మనిషి ఇంట్లోనే ఉంది, కానీ కొంచెం కొంచెంగా ఇంట్లోంచి వెళ్ళిపోతోంది. ఈయనగారేమో పక్కగదిలో నాబులు మారుస్తున్నాడు.

మా మేనకోడలు ఫోనులో ఏడ్చినంత పని చేసింది. "అమ్మ నాతో మాట్లాడటం లేదు మామయ్యా. నాన్నకి పట్టదు. నువ్వన్నా నిలదీయి."

నిలదీయడం నేను పుస్తకాల్లో చదివిందే గానీ ఎన్నడూ చేసినవాణ్ణి కాదు. సరేనన్నాను.

సమయానికి బావే పిలిచాడు. "ప్రాక్టీసు ఆంప్ కొనాలి. రా."

గిటారు మోతను పెంచే చిన్న పెట్టె అది. దారి పొడవునా నేననబోయే మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. దుకాణంలో ఆంప్‌లు రైలెక్కబోయే సూట్‌కేసుల్లా ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి.

"ఇది చూడండి సార్, గది అదిరిపోతుంది," అన్నాడు దుకాణదారు.

"అదరక్కర్లేదు. హెడ్‌ఫోన్లు తగిలించే బెజ్జం ఉందా?"

"ఉంది సార్. ముందు సౌండ్ వినండి..."

"సన్న శబ్దాలు, లావు శబ్దాలు విడివిడిగా పెంచుకోవచ్చా?"

"భేషుగ్గా. అసలు మీరు వాయించేది ఎలాంటి సంగీతం?"

"నేను వాయించేదాన్ని సంగీతమని ఇంతవరకూ ఎవరూ అనలేదు బాబూ."

ప్రతి పెట్టెకీ హెడ్‌ఫోన్లు తగిలించి నా నెత్తిన పెట్టాడు. శబ్దం సంగతి అడగడే!

"బరువుగా ఉన్నాయా? జుట్టు చిక్కుకుంటోందా?"

"నాకు జుట్టెక్కడిది బావా?"

"ఉన్నట్టు ఊహించుకో."

ఒక పెట్టెకు నాబు మరీ చిన్నదన్నాడు. కళ్ళజోడు లేకుండా తిప్పగలగాలట. ఇంకోదానికి లైటు కళ్ళలో కొడుతోందన్నాడు. దుకాణదారు నీరసపడి అమ్మాల్సిన పెట్టె మీదే కూలబడ్డాడు. నాకూ ఓపిక చచ్చింది.

"అక్క ఏమైపోతోందో చూస్తున్నావా అసలు? మనిషి మనకు మిగలకుండా పోతోంటే నీకు నాబు సైజు కావలసొచ్చిందా?"

దుకాణదారు గబుక్కున లేచి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. బావ నా నెత్తి మీది హెడ్‌ఫోన్లు మెల్లగా తీశాడు.

"గిటారు తెచ్చిన కొత్తలో ఒకసారి రెండోది వాయించలేదురా. తీగ ముట్టుకోనేలేదు. ఊరికే ఆగి, ఇదెలా ఉందని అడిగాను. రెండోదే బాగుందంది."

దుకాణదారు ఖాళీ చేసిన పెట్టె మీద కూచున్నాను.

"మరి ఆ రోజే అక్కకి చెప్పొచ్చుగా?"

"ఏమని? పాటలు నేర్పినదానికి, నీకు పాట వినబడటం లేదనా? లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఏమిటో తెలుసా? 'మీరేం చెయ్యలేదమ్మా, మెషీన్‌దే తప్పు' అని. దాంతో సగం భయం పోతుంది. తలుపు ఆ తర్వాత తీస్తాం. నేను పార్టు మార్చినప్పుడల్లా మీ అక్క నాకు జవాబైనా చెప్తోంది. ఇంకెవరికీ చెప్పట్లేదు కదా. లావు తీగలు కాస్త అందుతున్నాయిరా దానికి. సన్నవే అందట్లేదు."

దుకాణదారు అద్దం వదిలేసి లోపలికెళ్ళాడు. పెద్ద నాబులున్న పాత మోడల్ ఒకటి తెచ్చి బావ ముందు పెట్టాడు.

ఇంటికొచ్చాక బావ అక్క ఎదురుగా నిలబడి, గట్టిగా, నింపాదిగా అన్నాడు. "ఈ పెట్టెలో ఏదో లోపం ఉంది. నాకు పట్టుబడటం లేదు. నీ చెవి కావాలి."

అక్క ఇద్దర్నీ అనుమానంగా చూసి, చేతులు తుడుచుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. బావ నాబు కొద్దికొద్దిగా తిప్పుతూ వాయించాడు. ఉన్నట్టుండి అక్క నడుం నిటారైంది. క్లాసులో నిలబడినట్టు నిలబడింది.

"ఏమండీ, ఇన్నాళ్ళూ వాయిస్తున్నది ఇదేనా?"

"ఇదే."

"ఇంత ఘోరంగానా?"

ఎవరైనా సన్మానం చేసినా బావ మొహం అంత వెలిగేది కాదు.

"మూడో తీగ దిగిపోయింది. బిగించండి. ఇంకా. అబ్బా, ఎక్కువైంది!" అంటూ చాలాసేపు ఆయన్ని వదల్లేదు. ఆఖరికి హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ, "ఆ చెవుల డాక్టరు సాయంత్రాలు ఉంటాడా?" అంది.

చెవికి మెషీన్ వచ్చింది. మేనకోడలు ఇప్పుడు, అమ్మ ఓ పట్టాన ఫోను పెట్టెయ్యడం లేదు మామయ్యా అని మొర పెట్టుకుంటోంది. బావకైతే పార్టులు మార్చే తీరికే లేదు. పొద్దున్నే పాఠం.

"మళ్ళీ వాయించండి."

"వేళ్ళు మండుతున్నాయే!"

"పిల్లలు కూడా ఇలా సాకులు చెప్పలేదు. మళ్ళీ."

నేను పైన పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కిందనుంచి అక్క గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, పైన నవ్వుతున్నావు కదూ? నాకు వినబడుతోంది!"