‘ప్రాజెక్ట్ ఇంజనీర్’ అని రాసుకున్నాను

2014లో నేను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లోని ఒక చిన్న ఫ్యామిలీ క్లినిక్‌లో ప్రాక్టీస్ నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టరు చూసే ముందు పేషెంటును కూర్చోబెట్టి, ఏం తింటారు, ఏం తాగుతారు, ఏం పని చేస్తారు అని అడిగి కంప్యూటర్‌లో ఎక్కించేది మేమే. తెలుగువాళ్ళు వస్తే రిసెప్షన్ వాళ్ళు నా గదికే పంపేవారు. అది నాకు గర్వంగానే ఉండేది. ఇందులో పేర్లు మార్చాను. నా తప్పు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఏప్రిల్‌లో శ్రీకాంత్ కడుపునొప్పితో వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, కరీంనగర్ అబ్బాయి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, వర్క్ వీసా మీద ఉండిపోయాడు.

“ఏం చేస్తుంటావు తమ్ముడూ?”

“యూనివర్సిటీల మ్యూజిక్ స్టూడెంట్స్‌కు నేర్పనీకి కొత్త పైప్ ఆర్గాన్ పెడుతున్రక్కా. దానికి ప్రాజెక్ట్ ఇంజనీర్‌ను.”

పైప్ ఆర్గాన్‌ను చర్చిల్లో చూసే ఉంటారు. గోడంత వాద్యం. వందల లోహపు గొట్టాల్లోకి గాలి పంపి వాయిస్తారు. యూనివర్సిటీ అన్నాడు, సంగీతం అన్నాడు, పైగా ఇంజనీరన్నాడు. మనవాడు ఎంత పైకొచ్చాడో అని పొంగిపోయి, ‘ప్రాజెక్ట్ ఇంజనీర్’ అన్న రెండు మాటలూ టైప్ చేసి ఊరుకున్నాను. డాక్టర్ అవి చదివి పని ఒత్తిడి అన్నారు. మలబద్ధకానికి మందు రాసి పంపించారు.

జూన్‌లో మళ్ళీ వచ్చాడు. మొహం పాలిపోయింది, ఒకటే నీరసం. రక్తం తక్కువగా ఉందని తేలితే ఐరన్ మాత్రలు ఇచ్చాం. “ఇంజనీర్లంతా ఇంతే, వేళకి తిని చావరు” అని నేనే మందలించాను.

ఆ తర్వాత అతని భార్య లావణ్య వచ్చింది. పదో వారం గర్భం. మాటల్లో మొగుడి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది.

“ఊకెనే కోపం చేస్తున్నడక్కా. నిన్న చాయ్ కప్పు చేతిలకెల్లి జారిపడ్డది. బట్టల సంగతైతే అడుగకు, దులిపితే బూడిద లెక్క రాలుతది. మెషిన్ల ఏసే ముందు రోజూ నేనే దులుపుతున్న.”

“సైట్ అన్నాక దుమ్ముండదా?” అని నవ్వి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వారం తిరక్కుండా శ్రీకాంత్ కుడిచేయి పట్టుకుని వచ్చాడు. చేయి చాచమంటే మణికట్టు కిందికి వాలిపోయింది, ఎంత ప్రయత్నించినా పైకి లేవలేదు. దీన్ని మేము రిస్ట్ డ్రాప్ అంటాం. నరం దెబ్బతింటే ఇలా అవుతుంది. అప్పుడు చూశాను, గోళ్ళ కింద బూడిదరంగు మట్టి. లేచి తలుపు వేశాను.

“ఇంజనీర్ సంగతి పక్కన పెట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ చేతులతో ఏం చేస్తావు?”

తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసి చెప్పాడు.

“సీసం కరిగిస్తనక్కా. సీసం, తగరం కలిపి రేకులు పోస్తం. వాటిని పల్చగ గీకి ఆర్గాన్‌కు పైపులు చుడతం. చదువుకు తగ్గ జాబ్ దొరకలే. వర్క్‌షాపోళ్ళు వీసాకు పేపర్లిస్తమంటే చేరిన. ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు, లావణ్యకు గూడ.”

“అక్కడ స్నానం చేసి, బట్టలు మార్చుకునే వీలు లేదా?”

“ఉన్నది. చేసే పోవాలంటరు. తడి తలతోని ఇంటికి పోతే లావణ్య అడుగుతది గద. అందుకే అట్లనే పోతుంటి.”

ఆ బట్టలు దులుపుతున్నది కడుపుతో ఉన్న పిల్ల.

“ఇప్పుడే లావణ్యకు ఫోన్ చెయ్యి. ఇద్దరికీ బ్లడ్ లెడ్ టెస్ట్ చెయ్యాలి.” రక్తంలో సీసం ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. కడుపునొప్పి, రక్తం తగ్గడం, ఊరికే కోపం, చేయి వాలిపోవడం, అన్నీ సీసం విషం ఒంటికి ఎక్కితే వచ్చేవే.

“రెండు దినాలు ఆగక్కా. మా మామ ఇంజనీర్ అల్లుడని అందరికీ చెప్పుకున్నడు.”

“నీ పరువు రెండు రోజులు ఆగుతుంది. కడుపులో బిడ్డ ఆగదు.”

పేషెంటు ఒప్పుకోకుండా అతని సంగతి నేను భార్యకైనా చెప్పడం అంత తేలిక కాదు. చివరికి అతనే నా గదిలోంచి ఫోన్ చేశాడు. కుడిచేత్తో పట్టుకోలేక స్పీకర్‌లో పెట్టాడు. ఉన్నదంతా చెప్పాడు. ఆఖర్న లావణ్య అడిగింది.

“నేను దులిపిన బట్టలల్ల ఉన్నది గదేనా?”

అతను ఫోన్ నా వైపు జరిపాడు. అవునని నేనే చెప్పాను.

అతని రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉంది. ఆమెలోనూ, గర్భిణికి ఉండకూడనంత ఉంది. ఇలాంటి రిజల్ట్ వస్తే ప్రజారోగ్య శాఖకు తెలియజేయాలి. తెలియజేశాం, వాళ్ళు వెళ్ళి వర్క్‌షాప్‌లో పని ఆపించారు. శ్రీకాంత్‌ను ఆసుపత్రిలో చేర్చారు. పద్నాలుగో వారంలో లావణ్యకు గర్భం పోయింది. సీసం వల్లేనని చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నారు స్పెషలిస్ట్. ఆ రెండో మాటే నా చెవుల్లో ఉండిపోయింది.

మరుసటి ఏడాది ఆర్గాన్ వేరేవాళ్ళ చేతుల మీదుగా పూర్తయింది. పిల్లలు దాని మీద నేర్చుకుంటున్నారని విన్నాను. శ్రీకాంత్ వేళ్ళకు పట్టు కొంతవరకే వచ్చింది.

గర్భం పోయిన నెలకు లావణ్య చెకప్‌కు వచ్చింది. భర్తను తిడుతుందనుకున్నాను.

“ఆయన అబద్ధం చెప్పిండు. అది మా ఇంటి పంచాయితీ, మేం చూసుకుంటం. మీరెందుకు ఇంకో మాట అడగలే? తెల్లోళ్ళొస్తే గూడ గింతేనా?”

కాదు. ఇళ్ళకు రంగులు వేసే ఇక్కడి తెల్ల ముసలాయన వస్తే, సీసం ఉండే పాత పెయింటు గీకుతారా, మాస్కు పెట్టుకుంటారా, బట్టలు ఎవరు ఉతుకుతారు అని పది నిమిషాలు అడిగిన మనిషిని నేను. మనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకో ప్రశ్న వేస్తే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. అది మర్యాద అనుకున్నాను.

లావణ్యతో ఈ మాటే చెప్పి, క్షమించమన్నాను. ఆమె బ్యాగు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు మనవాళ్ళు ఎవరొచ్చినా, మేనేజరన్నా డైరెక్టరన్నా, ముందు చేతులు చూపించమంటాను. రోజంతా ఏం ముట్టుకుంటారు, ఆ బట్టలు ఇంట్లో ఎవరు ఉతుకుతారు అని అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. ఒకాయన ఏకంగా క్లినిక్కే మార్చేశాడు. మార్చుకోనీ.