అవ్వ చేటలో ఏడు బిళ్లలు

మొన్న అలమారా సర్దుతుంటే అడుగు అరలో పాత తంబాకు డబ్బా ఒకటి చేతికి తగిలింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో నాలుగు వైపులా ఎత్తి తీయగానే తంబాకు, కాలిన కట్టె కలిసిన వాసన గుప్పుమంది, నేను సర్దే పని వదిలేసి అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. లోపల బొటనవేలంత చెక్క బిళ్లలు, చేతులు తగిలి తగిలి నున్నబడినవి, ఒక్కోదాని మీద అడ్డంగా ఒక గీత, గీతకు ఇటూ అటూ నల్లటి చుక్కలు. వీటితో ఆడేదాన్ని డామినో అంటారని నాకు పెద్దయ్యాక తెలిసింది. మా ఇంట్లో అది బొట్లబిళ్లల ఆట.

మేము అప్పుడు మందమర్రిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం, ఒక అర్ర, ఒక వంటిల్లు, ముందర పందిరి. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు బొగ్గుబాయిలో టింబర్ పని చేసేవాడు, అంటే తవ్విన చోట పైకప్పు కూలకుండా కట్టె గుంజలు నిలబెట్టే పని. షిఫ్టు దిగి వచ్చాక రెండు బకెట్ల వేడినీళ్లు పోసుకున్నా బాపు కండ్ల అంచులకు బొగ్గు కాటుక పెట్టినట్టే ఉండేది. బాయి ఆఫీసులో ఒక సర్వేయర్ సారు ఉండేవాడు, అరవ దేశం మనిషి, ఆయన దగ్గర దంతం రంగు బిళ్లలు ఉండేవట. తీరిక దొరికినప్పుడు బాపును కూర్చోబెట్టుకుని ఆ ఆట నేర్పాడు. బాపు ఆ వానకాలమంతా గుంజల కోత ముక్కలు ఇంటికి తెచ్చి, చెక్కి, ఇసుకతో రుద్ది, మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి ఒక్కో చుక్కా పెట్టాడు. ఇల్లంతా పొగ. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిట్టేది గానీ, మేకు చల్లారితే మళ్లీ పొయ్యిలో పెట్టి కాల్చిచ్చింది కూడా అవ్వే.

మొత్తం ఇరవై ఎనిమిది బిళ్లలు. బోడి, అంటే చుక్కే లేనిది, అక్కణ్నుంచి ఆరు దాకా చుక్కలు. ఒకరు వేసిన బిళ్ల కొసకు అదే చుక్కలున్న బిళ్ల ఇంకొకరు జత చెయ్యాలి, రెండు వైపులా ఒకే చుక్కలున్న జోడు బిళ్లనైతే అడ్డంగా పెట్టాలి. ఇంతవరకు ఎవరికైనా వస్తుంది. అసలు సంగతి లెక్కలో ఉంది. ఒక్కో బిళ్ల పడినప్పుడల్లా వరుసకు ఆ కొసా ఈ కొసా ఉన్న చుక్కలు కలపాలి, కొసన జోడు ఉంటే దాని రెండు వైపులా కలపాలి, అది అయిదో పదో పదిహేనో ఇరవయ్యో అయితే వేసినవాళ్లకు అన్ని పాయింట్లు. లేకపోతే ఏమీ లేదు. ముందు నూరు చేరినవాళ్లది గెలుపు.

ఆడేది ముగ్గురు: బాపు, బాపు తమ్ముడు కాక, వాళ్ల తల్లి బాపమ్మ. మనిషికి ఏడు బిళ్లలు పోగా మిగిలిన ఏడింటినీ బోర్లేసి మూలకు నెట్టేవాళ్లు, జత దొరకనివాళ్లు అందులోంచి తీసుకోవాలి. ఆదివారం పగటి తిండి అయ్యాక పందిరి కింద చాప పడేది. వానకాలమైతే కాల్చిన మక్కకంకులు, చలికాలమైతే సర్వపిండి, ఎండలు మొదలైతే అడవి మీదినుంచి ఇప్పపూల వాసన, ఆరేసిన తెల్లబట్టల మీద సన్నగా రాలే బొగ్గు నలుసు. బాపమ్మ బిళ్లలను ఒళ్లో కొంగు కింద దాచుకుని, తన వంతు వచ్చినప్పుడల్లా కొంగెత్తి కోడిపిల్లలను చూసుకున్నట్టు చూసుకునేది. కాక గెలిచేటప్పుడు పాడేవాడు, ఓడేటప్పుడు చాప వంకరగా ఉందనేవాడు.

అవ్వ ఆడేది కాదు. ఆమె బీడీలు చుట్టేది. గడప మీద, బాపు భుజం వెనక, ఒళ్లో చేట పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదింటిని ఒక కట్ట చెయ్యడం, అన్నీ చేతులే చేసుకుపోయేవి, కండ్లు మాత్రం చాప మీద ఉండేవి. ఆడరాదా అని ఆమెను ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

లెక్క మొదట కాకనే రాసేవాడు. తనకు తాను ఎక్కువ వేసుకుంటున్నాడని ఒక ఆదివారం పెద్ద రభస అయ్యాక బాపు పలక, బలపం నా చేతికిచ్చాడు. నాకు పదేళ్లు, అయిదో తరగతి. మూడు తప్పులు చేస్తే పలక మళ్లీ కాకకు పోతుందని షరతు. గంటలోనే రెండు తప్పులు చేశాను. కండ్లలో నీళ్లు తిరుగుతుండగా తలెత్తితే, ఎదురుగా గడప మీద అవ్వ చుట్టిన బీడీల్లోంచి రెండింటిని తీసి చేట అంచున విడిగా పెట్టింది. నా వైపు చూడలేదు. నేను పది రాశాను. సరిపోయింది. ఆ తర్వాత ఒక బీడీ పెడితే అయిదు, మూడు పెడితే పదిహేను, ఏమీ పెట్టకపోతే సున్న. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ పైకి మాట్లాడుకోలేదు. నేను చుక్కలు చూడటం మానేసి చేట చూడటం నేర్చుకున్నాను.

దాంతో నా పేరు క్వార్టర్ల లైనంతా మోగిపోయింది. ఆరో తరగతికి నేను లక్సెట్టిపేట పోవాలి, అక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదవాలి. బాపమ్మకు అది ససేమిరా ఇష్టం లేదు. "ఆడిపిల్లకు అయిదు చాలదా కొడుకా? ఇంట్ల ఉంటె రెండు కట్టలన్న చుడుతది," అనేది. బాపు పలక ఎత్తి చూపించేవాడు. "గీ లెక్క జూసినవా అవ్వా? ఇసొంటి పిల్లను బడి మాన్పిస్తె పాపం తాకుతది." నా చదువంతా ఆ పలక మీద నిలబడి ఉందని నాకు తెలుసు. అది నా లెక్క కాదనీ తెలుసు.

చలికాలం చివర్లో అమ్మమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందని కబురొస్తే అవ్వ పుట్టింటికి పోయింది. సరిగ్గా ఆ ఆదివారమే సర్వేయర్ సారు మా ఇంటికి వచ్చాడు. బాపు ఆఫీసులో నా గురించి చెప్పని మనిషి లేడు మరి. సారు చాప మీద మఠం వేసుకుని నాలుగో మనిషిగా కూర్చున్నాడు. నలుగురికి ఏడేసి పంచితే ఒక్క బిళ్ల కూడా మిగల్లేదు, మూల ఖాళీ. సారు ఆరు జోడు అడ్డంగా పెట్టాడు, అవతలి కొసన మూడు. నేను తలెత్తాను. గడప మీద ఎవరూ లేరు.

"ఎంతయిందమ్మా?" అన్నాడు సారు.

ఆరు, మూడు, తొమ్మిది. "ఏమీ లేదు," అన్నాను. జోడుకు రెండు వైపులా కలిపితే పన్నెండు, మూడుతో పదిహేను అని సారే సరిదిద్దాడు. ఆ తర్వాత బాపమ్మ మూడుకు మూడు-నాలుగు జత చేసింది. అది పదహారు, అయిదుల్లో పడదు. పోయినసారి పదిహేను రాయలేదు కదా అనే భయంతో బాపమ్మ పేరు కింద పదిహేను రాసేశాను. "నాకు గియ్యి ఎక్కడియే?" అని బాపమ్మే అడిగింది. కాక నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు, "అవ్వ చెప్తది, నాకు రాదు," అని అందరి ముందు ఒప్పేసుకున్నాను. సారు నా తల నిమిరి చాయ తాగి వెళ్లిపోయాడు. బాపు పలక తుడిచి గూట్లో పెట్టాడు. కొట్టి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

పదిహేను రోజులకు అవ్వ తిరిగొచ్చింది. బాపు ఆమె మూట కూడా దించుకోనివ్వలేదు. "నీకు లెక్క ఎట్లొచ్చె?"

"బీడీలు గట్టేటోళ్లకు అయిదుల లెక్క రాకుంటదా? దాంట్ల ఏమున్నది?" అంది అవ్వ.

బాపు ఆమె మూట అందుకుని కింద పెట్టాడు. ఆ తర్వాత, "ఆడుతవా?" అని అడిగాడు.

"ఆడుత. గని ఒక నెల ఆగాలె. పిల్లకు నేర్పినంక ఆడుత."

ఆ నెలరోజులు బడినుంచి రాగానే అవ్వ పక్కన కూర్చునేదాన్ని. చేతిలోకి వచ్చినన్ని బీడీలు తీసి నా ముందు పోసేది, లెక్కపెట్టమనేది. నేను ఒకటి, రెండు అని మొదలుపెడితే చేతిమీద చిన్నగా కొట్టేది. "ఎన్ని ఉన్నయని జూస్తే తప్పుతవ్ బిడ్డా. ఎన్ని తక్కువున్నయో జూడు." కట్ట కట్టేటప్పుడు ఆమె ఎన్నడూ ఇరవై అయిదు దాకా లెక్కపెట్టలేదు, అయిదేసి కుప్పలుగా చూసి, ఎక్కడ కొరత ఉందో అక్కడ నింపేదంతే. ఏడు చుక్కలుంటే పదికి మూడు తక్కువ, ఎనిమిదుంటే రెండు తక్కువ. రెండు కొసల కొరతలూ కలిసి అయిదో పదో అయితే పాయింట్లు పడ్డట్టు. ముందు అర్థం కాలేదు, విసుక్కున్నాను, ఒకసారి తంబాకు గంప తన్నేశాను కూడా. అవ్వ గంప ఎత్తి మళ్లీ బీడీలు పోసింది.

మోదుగులు పూసే నాటికి ఒక ఆదివారం బాపు చాప పరిచి, బిళ్లలు కలిపి, ముగ్గురికి పంచాడు. మిగిలిన ఏడింటినీ మూలకు నెట్టకుండా, గడప మీదున్న అవ్వ చేటలో, తునికాకుల మధ్య పోశాడు. అవ్వ చేట పక్కన పెట్టి, బిళ్లలు దోసిట్లోకి తీసుకుని చాప మీదికి వచ్చింది. "పిల్ల నాకు ఎదురుంగ గూసోవద్దు, నా పక్కకు గూసోవాలె," అంది. పక్కన కూర్చుంటే ఆమె చేతులు తప్ప మొహం కనబడదు. చేతుల్లో బీడీలు లేవు, బిళ్లలున్నాయి.

బాపు ఆరు జోడు పెట్టాడు. కాక దానికి ఆరు-నాలుగు జత చేశాడు. అవ్వ నాలుగు జోడు అడ్డంగా పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. నలుగురూ నావైపు తిరిగారు. ఆ కొసన పన్నెండు, పదిహేనుకు మూడు తక్కువ. ఈ కొసన ఎనిమిది, పదికి రెండు తక్కువ. మూడు, రెండు, అయిదు. ఇరవై అయిదుకు అయిదు తక్కువ.

"ఇరవై," అన్నాను.

కాక నోరు తెరిచాడు, ఆ ఆటలో అంతకు మించి పడదు. బాపమ్మ నమ్మలేదు. ముందుకు వంగి ఒక్కో చుక్క మీద వేలు పెట్టి ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టింది, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆ తర్వాత నా వైపు చూడకుండా బాపుతో అంది: "తోలియ్ కొడుకా. పిల్లను లక్సెట్టిపేటకు తోలియ్."

అవ్వ అప్పటికే తన తర్వాతి బిళ్ల చూసుకుంటోంది. ఆ రోజు గెలిచింది ఆమెనే. ఆ తర్వాత కూడా చాలాసార్లు గెలిచింది, ఆటలో ఆమెకు మొగుడు లేడు, అత్త లేదు, నేనైనా సరే కనికరం లేదు. చేట అంచున బీడీలు పెట్టింది నాకోసమేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఎవరూ పిలవని ఆటను ఆమె అట్లా గడప మీద కూర్చునే ఆడుకుందని. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

లక్సెట్టిపేటలో చదివాను, లెక్కల టీచరునయ్యాను. హాజరు వేసేటప్పుడు వచ్చినవాళ్లకంటే రానివాళ్లనే ముందు చూసేదాన్ని, ఆడపిల్లలు రెండు రోజులు కనబడకపోతే వాళ్ల ఇండ్లకు పోయి కూర్చునేదాన్ని. ఆ క్వార్టర్ల లైను కూల్చేసి ఏళ్లయింది. కరీంనగర్‌లో మా గల్లీలో చేట ఒళ్లో పెట్టుకునే ఆడవాళ్లు కనిపించరు, ఆదివారం సర్వపిండి వాసనా లేదు. బాపమ్మ, బాపు, కాక, చివరికి అవ్వ, ఒక్కొక్కరే చాప మీదినుంచి లేచిపోయారు.

డబ్బా చూసి మనవరాలు వదల్లేదు. నేర్పాను. నాకు, వాళ్ల నాన్నకు, తనకు ఏడేసి పంచింది. మిగిలిన ఏడింటినీ చూపించి, "ఇవి మూలకు నెట్టేయనా నానమ్మా?" అంది.

నేను తల తిప్పి చూశాను. వంటింటి గుమ్మంలో కోడలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది, కండ్లు బిళ్లల మీద ఉన్నాయి.

"వద్దు, అమ్మకివ్వు," అన్నాను.

"నాకు రాదత్తమ్మా," అంది కోడలు.

"రాకుంటె ఏమాయె, నేర్పుత. వచ్చి కూసో."

ఆమె పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.